రాగుల మూటల మధ్య పాట

కోలారు బంగారు గనుల మాట ఎత్తితే చాలు, ఎంత బంగారం తీశారు, ఎంత లోతుకు తవ్వారు, తెల్లదొరలు ఎంత పట్టుకుపోయారు అనే అడుగుతారు జనం. అడిగేవాళ్ళది తప్పు కాదు కానీ, విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఆ గనుల చుట్టూ మనుషులు బతికారు. బతికినవాళ్ళు పాటలంటే చెవి కోసుకున్నారు. ఊరి పాట తీరునే మార్చిన ఒక గొంతు ఆండర్సన్‌పేటలో ఒక కిరాణా కొట్టు వెనక, రాగుల మూటల మధ్య తయారైందంటే మాత్రం, అదేం కథ అని ఒక్కరూ అడగరు. అడగకపోతే పోనీండి. శ్రీకంఠయ్య కూతురు దాక్షాయణి కథ అడగకుండానే చెప్పదగ్గది.

గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది. దొరలు పోయి వాళ్ళ బంగళాల్లో మన ఆఫీసర్లు దిగారు. సైరన్ మాత్రం దొరల నాటిదే. అది కూసిందంటే ఒక షిఫ్టు కిందికి దిగుతుంది, ఇంకొక షిఫ్టు పైకి వస్తుంది. వారం వారం షిఫ్టు మారుతుంది కాబట్టి ఆ పేటలో పట్టపగలు ఎప్పుడు చూసినా ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు. రాత్రంతా భూమి కడుపులో రాయి తొలిచి వచ్చిన మనిషికి పగలే రాత్రి.

అందుకని ఆ వీధుల్లో ఒక ఆచారం ఉండేది. మగవాడు రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే, అతని గని బూట్లు గుమ్మం బయట, ముక్కులు వీధివైపు తిప్పి పెట్టేవారు. బూట్లు అలా ఉన్నాయంటే లోపల నిద్ర ఉందని అర్థం. కూరగాయలమ్మే ఆవిడ అక్కడికి రాగానే గొంతు తగ్గిస్తుంది, పిల్లలు గోలీలు తీసుకుని పక్క వీధికి పోతారు, రోకలి పోటు ఆగిపోతుంది. ఈ సంగతి తెలియని గాజులవాడు ఒకడు ఎక్కడినుంచో వచ్చి, బూట్లున్న గుమ్మం ముందే నిలబడి గొంతు చించుకున్నాడట. ఎదురింటావిడ ఒక్క మాట కూడా అనకుండా బిందెడు నీళ్ళు తెచ్చి వాడి నెత్తిన కుమ్మరించింది. ఆ తర్వాత వాడు ఆ వీధిలోకి పిల్లిలా అడుగులేసుకుంటూ వచ్చేవాడు.

శ్రీకంఠయ్య కొట్టు ఆ వీధి మలుపులోనే. బియ్యం, రాగులు, బెల్లం, పప్పులు అమ్మేవాడు. మనిషి మెతక, కానీ ఈ ఒక్క విషయంలో ఇంట్లో ఎవరినీ సాగనిచ్చేవాడు కాదు.

"సద్దు చేయొద్దమ్మా," అనేవాడు కూతురితో. "మన కొట్లో బియ్యం కొనేవాళ్ళంతా కింద రాయి కొట్టేవాళ్ళే. వాళ్ళ నిద్ర చెరిపితే మనం తినే కూడు అరిగేది లేదు."

పాపం, ఆ మాట చెప్పడం తేలికే. దాక్షాయణికి పాట పిచ్చి. కొట్లో గల్లాపెట్టె పక్కన రేడియో ఉండేది. దాన్ని గుసగుసలాడేంత తగ్గించి, చెవి ఆనించి వినేది. బెంగుళూరు, మద్రాసు, సిలోను, ఏది దొరికితే అది. కన్నడ పాట, తమిళ పాట, తెలుగు పాట అన్న తేడా ఆ పిల్లకు తెలియదు, ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. విన్నది నోట్లో ఆడుతూనే ఉంటుంది, బయటికి రానివ్వడానికి లేదు. కడుపులో పెట్టుకోలేక, కక్కలేక తిరిగే పిల్లకు చివరికి గోడౌను దొరికింది.

కొట్టు వెనక చీకటి గది అది. చుట్టూ తలెత్తు దాకా మూటలు. ఒకనాడు తల్లి అంబుజమ్మ బెల్లం తెమ్మంటే లోపలికి పోయి, తెలియకుండానే ఒక చరణం ఎత్తుకుంది. గొంతు నోరు దాటగానే మూటలు మింగేశాయి. చిన్న మారుమోత కూడా లేదు. స్నానాల గదిలో పాడితే అందరి గొంతూ బాగుంటుంది, గోడలు తోడు పాడతాయి కదా. ఇక్కడ తోడు లేదు. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా, ఊపిరి ఒక్క రవ్వ తక్కువైనా దాచే దిక్కు లేదు. ఇంకొకరైతే భయపడి పారిపోయేవారు. దాక్షాయణి కూర్చుండిపోయింది.

అప్పటినుంచి మధ్యాహ్నాలు గోడౌనులోనే. ఒకవైపు గోడకు తేమ ఎక్కువ. మూటలు ఆనిస్తే బూజు పడతాయని శ్రీకంఠయ్య అటువైపు ఒక మనిషి కూర్చునేంత ఖాళీ వదిలేశాడు. ఆ ఖాళీలో ముడుచుకుని, గోడకు ముఖం పెట్టి, మెల్లగా, ఊపిరికి కాస్త పైన పాడేది. అలా ఏళ్ళు గడిచాయి. చెవి ఎంత పదునెక్కిందంటే, ఒకరోజు బయటికి వచ్చి, "నాన్నా, బియ్యం అయిపోతా ఉన్నట్టుంది. గొంతు మోగతా ఉండాది," అంది. శ్రీకంఠయ్య పోయి చూస్తే నిజంగానే మూటలు అడుగంటుతున్నాయి.

"ఇంగేమి, తక్కెడ అమ్మేసి నీ గొంతు పెట్టుకుంటా," అన్నాడు ఆయన నవ్వుతూ.

పిల్ల మనసులో ఒకటే కోరిక ఉండేది. ఒక్కసారి, గోడలు లేని చోట, మనుషుల ముందు పాడాలి. ఆ ఒక్క కోరిక కోసం మిగతా కోరికలన్నీ వదులుకునేలా ఉండేది. చీర కొంటానంటే వద్దనేది, బెంగుళూరు చూద్దువు రమ్మంటే రాననేది.

ఆ రోజుల్లో పేటకు ఆర్కెస్ట్రా అంటే పూనకం. పండగొస్తే స్టేజీ, స్టేజీ మీద తబలా, గిటారు, అకార్డియన్, చుట్టూ స్తంభాలకు ఉమ్మెత్తపూల్లాంటి హారన్లు. ఒకే సాయంత్రం మూడు భాషల పాటలూ వినిపించాలి. నచ్చితే ఈలలు, నచ్చకపోతే కేకలు. పాడేవాళ్ళందరిదీ ఒకటే పద్ధతి, గొంతు నరాలు తేలేలా అరవడం. ఎవరి పాట మారికుప్పం స్టేషను దాకా వినబడితే వాళ్ళే మొనగాళ్ళు. ఆ మైకులూ అలాంటివే లెండి. మైక్‌సెట్టు చెన్నప్ప స్టేజీ మీద మైకుకు బారెడు దూరంలో సున్నపు గీత గీసేవాడు. గీత దాటి ముందుకు వచ్చి ఎవరైనా అరిస్తే హారన్ల లోపలి పొర చిరుగుతుందని వాడి భయం. అందరూ గీత వెనకే నిలబడి అరిచేవారు.

త్రివేణి మెలొడీస్ అనే ఆర్కెస్ట్రా నడిపే కేశవమూర్తిది బట్టల కొట్టు, అకార్డియన్ వాయించేవాడు. తన దగ్గర పాడే అమ్మాయికి పెళ్ళయి ఊరు విడిచి పోయేసరికి ఆయనకు ఎడమ చెయ్యి పడిపోయినంత పనైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే శ్రీకంఠయ్య కొట్టుకు బెల్లానికి వచ్చాడు. శ్రీకంఠయ్య గోడౌను తలుపు తీయగానే లోపలి పాట సన్నగా బయటికి వచ్చింది.

"లోపల రేడియోనా అప్పా?" అన్నాడు కేశవమూర్తి.

"రేడియో ఈడ ఉండాది కదప్పా," అని గల్లాపెట్టె పక్క చూపించి, శ్రీకంఠయ్య నాలుక కరుచుకున్నాడు.

ఇక కేశవమూర్తి కదిలితేనా. బెల్లం మరిచాడు, పని మరిచాడు, అక్కడే బల్ల మీద చతికిలబడ్డాడు. ఆయుధపూజకు గ్రౌండులో ప్రోగ్రాం ఉంది, పాపను పంపమన్నాడు.

"మా ఇంటి పాప స్టేజీ ఎక్కేదా? రేపు బజార్లో నేను తల ఎత్తుకొని తిరిగేది ఎట్ల?" అన్నాడు శ్రీకంఠయ్య.

అంతదాకా తలుపు చాటున ఉన్న అంబుజమ్మ బయటికి వచ్చింది. "తల ఎత్తుకోలేకపోతే దించుకొని తూకం చూసుకో. పాప పాడనీ," అంది. అంతే, కోర్టు ముగిసింది.

ఆయుధపూజ సాయంత్రం గ్రౌండు కిక్కిరిసిపోయింది. గనిలో మిషన్లకు పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయలు కొట్టి, కొత్త చొక్కాలు తొడుక్కుని వచ్చిన జనం. దాక్షాయణి వంతు వచ్చింది. కేశవమూర్తి గీత చూపించాడు. ఆ పిల్ల బుద్ధిగా గీత వెనక నిలబడింది. పుట్టినప్పటినుంచి సద్దు చేయొద్దన్న మాట విని పెరిగిన పిల్ల, చెప్పినచోట నిలబడక ఏం చేస్తుంది? పాట ఎత్తుకుంది. గోడౌనులో పాడినట్టే పాడింది, శ్రుతి తప్పకుండా, ఊపిరి తప్పకుండా. ఏం లాభం, ఆ గొంతు బారెడు దూరం దాటి మైకును చేరలేదు. హారన్లలో తబలా మోగింది, అకార్డియన్ మోగింది, పాట లేదు.

"సద్దే లేదు కదమ్మా," అని ఒకడు అరిచాడు.

"నోట్లో రాగిముద్ద పెట్టుకోని వచ్చినాదిరా, మింగినంక పాడతాది, ఉండండి," అన్నాడు ఇంకొకడు. గ్రౌండంతా గొల్లుమంది.

మొదటి చరణం సగంలో దాక్షాయణి నోరు ఆగిపోయింది. తల కొట్టేసినట్టయింది ఆ పిల్లకు. మెట్లు దిగి, జనం మధ్యనుంచి, తండ్రి చెయ్యి కూడా పట్టుకోకుండా ఇంటికి నడిచింది. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నట్టు, తెల్లారేసరికి ముద్దమ్మ అన్న పేరు పేటంతా పాకిపోయింది. అన్నవాడి నోరు పడిపోను. ఆ పిల్ల కష్టం ఏమిటో వాడికేం తెలుసు.

ఆ తర్వాత గోడౌనులో పాట లేదు. దాక్షాయణి బియ్యంలో రాళ్ళు ఏరింది, పొట్లాలు కట్టింది, ఇల్లు ఊడ్చింది. రేడియో పెడితే లేచి పెరట్లోకి పోయేది. స్టేజీ వద్దన్న శ్రీకంఠయ్యే ఇప్పుడు బెంగపెట్టుకున్నాడు. బెల్లం కోసం గోడౌను తలుపు తీస్తే ఆ నిశ్శబ్దం ఆయనకు భరించరానిదిగా ఉండేది.

"ఇంగ పాడవామ్మా?" అని అడిగాడు ఒకరోజు.

"ఎవురికి నాన్నా? నా గొంతు నాకే వినపడేది లేదు. మందికి ఏమి వినపడతాది?" అంది.

కన్నడ రాజ్యోత్సవం జరుపుకునే నవంబరు నెల వచ్చింది. ఒక మధ్యాహ్నం పక్కింటి మునివెంకటమ్మ కొట్టుకు వచ్చింది. ఆమె మొగుడు దాసప్ప టేకల్ దగ్గరి పల్లెవాడు. ఉన్న రాగి చేను అన్నదమ్ములకే చాలకపోతే, వచ్చి గనిలో డ్రిల్లు మిషను పట్టాడు. వాళ్ళ పడకగదికీ శ్రీకంఠయ్య గోడౌనుకూ మధ్య ఉన్నది ఒకే గోడ. మునివెంకటమ్మ ఒక ఎనుమును పెట్టుకుని వీధికి పాలు పోసేది, చాలా నోరున్న మనిషి. ఆ రోజు మాత్రం కొంగు నలుపుకుంటూ నిలబడింది.

"ఏమి మునెంకటమ్మా, ఏమి కావల్ల?" అంది అంబుజమ్మ.

"కొనేదానికి రాలేదమ్మా. మీ పాప పాడేది ఏల నిలిపేసినాది?"

పొట్లాలు కడుతున్న దాక్షాయణి తలెత్తింది.

"మా ఇంటాయనకి నిద్ర వచ్చేదే లేదమ్మా. రాత్రి షిఫ్టు చేసి వచ్చి, బూట్లు బయట పెట్టి, పండుకుంటాడు, ఇట్ల పొర్లతాడు, అట్ల పొర్లతాడు. మొన్న కింద మిషను పట్టుకోనే కునుకు తీసినాడంట. పక్కన ఉండేవాడు రెట్ట పట్టి లాగినాడు కాబట్టి సరిపోయినాది. కింద కునుకు పడితే మనిషి మిగిలేది లేదు, నీకి తెలుసు కదమ్మా."

"మునెంకటమ్మక్కా," అంది దాక్షాయణి, చేతిలో పొట్లంతోనే లేచి, "నా పాట మీకి వినపడతా ఉండెనా?"

"అయ్యో, వినపడక? ఇన్ని ఏండ్లుగా ఆయన గోడకి చెవి ఆనించి పండుకునేది ఎందుకనుకుంటివి? నీ పాట మొదలైతే చాలు, రెండో చరణం లోపల గురక పెడతాడు."

గోడలకు చెవులుంటాయని పెద్దలు ఊరికే అనలేదు. మూటలన్నీ మూడువైపులా ఉన్నాయి. నాలుగోవైపు, తేమ గోడ దగ్గర, మూటలు లేనిచోట, ఆ గోడకే ముఖం పెట్టి పాడింది పిచ్చిపిల్ల. ఎవరి నిద్ర చెడుతుందోనని ఊపిరి బిగబట్టిందో, ఆ మనిషి చెవిలోనే పాడింది ఇన్నేళ్ళూ. దాక్షాయణికి ముందు సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది, పాట వింటే గురక పెట్టడమేమిటని. ఆ తర్వాత ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, పొట్లం జారి పప్పు నేలంతా ఒలికింది.

మర్నాడు దాసప్ప గుమ్మం బయట బూట్లు ఉన్నాయి. దాక్షాయణి గోడౌనులోకి పోయి తన చోట కూర్చుంది. పాట ఎత్తుకుంది. రెండో చరణం సగానికి వచ్చేసరికి గోడ అవతల సన్నగా గురక మొదలైంది. తను పాడుతుండగానే ఆ పాట ఒకరిమీద పనిచేయడం ఆ పిల్ల ఎరిగి అదే మొదలు. సంతోషంతో ఆ పాటే మళ్ళీ పాడింది.

పాడి, చాలాసేపు ఆ గోడను చూస్తూ కూర్చుంది. గ్రౌండులో వినబడని గొంతు ఈ మనిషికి ఎలా వినబడింది? చెవి దగ్గరుంది కాబట్టి. గోడకు ఆనించి ఉంది కాబట్టి. అయితే మైకు కూడా దాసప్ప చెవిలా ఉండాలి. లేచి, చీర కుచ్చెళ్ళు దులుపుకుని, అమ్మతో చెప్పి, నేరుగా కేశవమూర్తి బట్టల కొట్టుకు నడిచింది. మైక్‌సెట్టు చెన్నప్ప కూడా అక్కడే ఉన్నాడు.

"రాజ్యోత్సవం ప్రోగ్రాంలో నేను పాడతా. గీత దాటి, మైకు నోటికాడ పెట్టుకోని పాడతా," అంది.

చెన్నప్ప నెత్తిన పిడుగు పడ్డట్టు చూశాడు. "నోటికాడ పెడితే హారన్లు చిరుగుతాయమ్మా. ఇంతవరకూ ఎవురూ అట్ల పాడలేదు."

"అరిస్తే కదప్పా చిరిగేది. నేను అరిచేది యాడ?"

కేశవమూర్తి చెన్నప్పను చూశాడు, చెన్నప్ప కేశవమూర్తిని చూశాడు. ఒకసారి నవ్వులపాలైన పిల్లను మళ్ళీ ఎక్కిస్తే, ఈసారి ఆర్కెస్ట్రానే నవ్వులపాలవుతుంది. కేశవమూర్తికి అది తెలియక కాదు. కానీ ఆ రోజు బెల్లం కొనడానికి వచ్చి విన్న పాట ఆయన చెవిలోంచి పోలేదు. "పాడమ్మా. చిరిగితే చిరగనీ," అన్నాడు. ఆ మనిషికి వెయ్యి దండాలు పెట్టాలి.

మళ్ళీ అదే గ్రౌండు, అదే జనం. ఎర్రా పసుపూ జెండాలు కట్టారు. సాయంత్రం సైరన్‌కు ఇంకా టైముంది. రాత్రి షిఫ్టుకు పోవాల్సినవాళ్ళు టిఫిన్ డబ్బాలతో, బూట్లతోనే వచ్చి ముందు వరసలో నేలమీద కూర్చున్నారు. వాళ్ళలో దాసప్ప కూడా ఉన్నాడు. ఆ వారం షిఫ్టు మారింది, సరిగా నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దాక్షాయణి పేరు చెప్పగానే వెనకనుంచి ఒక గొంతు లేచింది. "ముద్దమ్మ వచ్చినాది." ఇక చూడండి, ఈలలు, కేకలు, కాగితపు ఉండలు. దాక్షాయణి స్టేజీ మీదికి వచ్చింది. సున్నపు గీత దగ్గర ఒక్క క్షణం ఆగి, దాటింది. మైకును రెండు చేతులా పట్టుకుంది. నోరు తెరిచింది కానీ ఆ గలాటాలో మొదలుపెట్టే వీలు లేదు. తండ్రి వైపు చూసింది. శ్రీకంఠయ్య తల దించుకుని ఉన్నాడు.

అప్పుడు దాసప్ప ఒక పని చేశాడు. మెల్లగా బూట్ల తాళ్ళు విప్పాడు. రెండు బూట్లూ తీసుకుని లేచి, స్టేజీ అంచుమీద, ముక్కులు జనం వైపు తిప్పి పెట్టాడు. వెనక్కి తిరిగి, "పండుకోవల్ల. సద్దు చేయొద్దండి," అని, తువ్వాలు పరిచి కూర్చున్నాడు.

ముందు వరసవాళ్ళు ఫక్కున నవ్వారు. నవ్వి, నోళ్ళు మూశారు. మూయక ఏం చేస్తారు? బూట్లు బయట ఉన్నాయి. అమ్మ ఒడిలో ఉన్నప్పటినుంచి నేర్చుకున్న మర్యాద అది, ఒళ్ళే పాటిస్తుంది, బుద్ధిని అడగదు. ముందు వరస చూసి రెండో వరస, దాన్ని చూసి వెనకవాళ్ళు. ఏమైందని అడిగినవాడికి పక్కవాడు వేలితో బూట్లు చూపించాడు. అంత పెద్ద గ్రౌండు సద్దుమణిగింది.

దాక్షాయణి కళ్ళు మూసుకుని, పెదవులు మైకుకు తగిలేంత దగ్గరగా, పాట ఎత్తుకుంది. ఎన్నోసార్లు రేడియోలో వచ్చిన సినిమా పాటే, అందరికీ వచ్చిన పాటే. కానీ అందరూ అరిచి పాడిన పాటను ఆమె మెల్లగా పాడింది. అన్ని హారన్లలోంచీ ఆ మెత్తటి గొంతు, మధ్యలో ఊపిరి తీసుకోవడంతో సహా, వచ్చి ఒక్కొక్కడి చెవి పక్కన కూర్చుంది. తనకోసమే పాడుతున్నట్టు ప్రతివాడికీ అనిపించింది. తమిళవాడికి, కన్నడవాడికి, తెలుగువాడికి, ముద్దమ్మా అని అరిచినవాడికి కూడా. రెండో చరణంలో కళ్ళు తెరిచి చూస్తే, దాసప్ప పక్కవాడి భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని, హాయిగా నిద్రపోతున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పాటలోకి వచ్చింది. ఆ నవ్వుతో పాట ఇంకా బాగుందని ఈనాటికీ చెప్పుకునేవాళ్ళున్నారు.

పాట అయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దాసప్పను లేపడం ఇష్టం లేక ఎవరూ చేతులెత్తలేదు. జనం అలాగే కూర్చున్నారు, కళ్ళు తుడుచుకునేవాళ్ళు తుడుచుకున్నారు. కాసేపటికి సైరన్ కూసింది. దాసప్ప ఉలిక్కిపడి లేచి బూట్ల కోసం చూశాడు. అప్పుడు కొట్టారు చప్పట్లు. శ్రీకంఠయ్య తల ఎత్తుకునే ఇంటికి పోయాడని వేరే చెప్పాలా.

ఆ తర్వాత చెన్నప్ప సున్నపు గీత గీయడం మానేశాడు. గీయడానికి ఎవరు ఒప్పుకుంటారు? పాడేవాళ్ళందరూ మైకుకు దగ్గరగా వచ్చారు. అరుపు తగ్గింది. మాలూరు, బంగారుపేట, కోలారు దాకా ఆర్కెస్ట్రాల్లో కొత్తగా వచ్చిన పిల్లలు మెత్తగా పాడటం నేర్చుకున్నారు. ఎవరి దగ్గర నేర్చారో కొందరికి తెలుసు, చాలామందికి తెలియదు. దాక్షాయణి త్రివేణితో ఏళ్ళతరబడి పాడింది. ఈశ్వరప్పను పెళ్ళి చేసుకుంది. అతను అత్తగారింటికే వచ్చి కొట్లో కూర్చున్నాడు కాబట్టి గోడౌను వదలాల్సిన పని పడలేదు. క్యాసెట్టు కంపెనీవాళ్ళు పిలిస్తే మారికుప్పం రైలెక్కి బెంగుళూరు పోయి పాడి, సాయంత్రం బండికే వచ్చేసేది. అక్కడే ఉండిపొమ్మంటే, "మా వీధిలో బూట్లు బయట ఉంటాయి, పోవల్ల," అనేదట. వాళ్ళకు అర్థమై ఉండదు.

కొత్త శతాబ్దం మొదట్లో గని మూతపడింది. సైరన్ ఆగిపోయింది. పిల్లలందరూ తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరులో పనికి పోవడం మొదలుపెట్టారు. గుమ్మాల ముందు బూట్లు లేవు. కొన్నింట్లో ఆ బూట్లలో బంతి మొక్కలు నాటారు. కొట్లో బేరం తగ్గింది, గోడౌనులో మూటలు తగ్గాయి, గొంతు మోగసాగింది. దాక్షాయణికి ఆ మోత గిట్టలేదు. ఖాళీ గోనెసంచులు విప్పి మూడు గోడలకూ వేలాడదీసింది. దాసప్ప గోడకు మాత్రం కట్టలేదు.

దాసప్ప ఊపిరితిత్తుల నిండా గని దుమ్ము పేరుకుపోయింది. పడుకుంటే ఆయాసం, నిద్ర దగ్గరికి రాదు. ఒక మధ్యాహ్నం దాక్షాయణి కొట్టు మెట్ల మీదినుంచి చూస్తే, పక్కింటి గుమ్మం బయట పాత బూట్లు, ముక్కులు వీధివైపు తిప్పి ఉన్నాయి. గనే లేదు, షిఫ్టే లేదు. ఆమె ఏమీ అడగకుండా గోడౌనులోకి పోయి కూర్చుంది. వయసు మీదపడి గొంతు కాస్త బొంగురుపోయింది, అయినా శ్రుతి తప్పలేదు. చాలా సేపటికి గోడ అవతలి దగ్గు తగ్గి, గురక వినబడింది. అప్పటినుంచి బూట్లు కనబడిన ప్రతి మధ్యాహ్నం పాడింది. ఎన్నో పెద్ద స్టేజీలెక్కిన మనిషి, ఒక్క మనిషి కోసం ఆ తేమ గదిలో పాడింది. ఇంతకన్నా గొప్ప గాయని ఎక్కడైనా ఉంటే ఉండనీండి, ఈ ఊరికి అక్కర్లేదు.

దాసప్ప ఒక వేసవిలో పోయాడు. పాట నడుస్తుండగా గురక ఆగింది. పదకొండో రోజు దాకా ఆ ఇల్లు జనంతో ఉంది. కర్మలు ముగిసి చుట్టాలు టేకల్ బండెక్కి పోయారు. దాక్షాయణి గోడౌను తలుపు వేసి తాళం పెట్టింది. ఇక ఆ గదిలో పాడే పని లేదనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మెట్ల మీదికి వస్తే, పక్కింటి గుమ్మం బయట అవే బూట్లు, తుడిచి, ముక్కులు వీధివైపు తిప్పి పెట్టి ఉన్నాయి. మునివెంకటమ్మ గడపలో కూర్చుని ఉంది. ముసలామెకు దుఃఖంతో మతి పోయిందేమోనని దాక్షాయణి దగ్గరికి పోయి, మెల్లగా చెయ్యి పట్టుకుంది.

"మునెంకటమ్మక్కా, దాసప్పన్న ఇంగ లేడు కదా."

"తెలుసమ్మా. ఆయప్పకి నిద్ర పట్టినాది." మునివెంకటమ్మ బూట్ల వైపు చూసింది. "ఇన్ని ఏండ్లు ఆ గోడకి ఆయన ఒక చెవి పెట్టినాడు, పక్కన నేనూ ఉంటిని కదా. ఆయన పోయినప్పటినుంచి కన్ను మూయలేదు. ఈ పొద్దు నాకి పాడమ్మా."

దాక్షాయణి తాళం తీసి లోపలికి పోయి, గోడకు దగ్గరగా కూర్చుని, మెల్లగా ఎత్తుకుంది.